ఊరి సర్కారు భూమిని లెక్క తీయడం ఎలా? 312 ఎకరాల ప్రశ్నకు ఒక వాటర్‌షెడ్ మనిషి జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "మాది దేవరకొండ, కల్వకుర్తి మధ్యలో రోడ్డుకు లోపలున్న ఊరు. నేను మొదటిసారి గెలిచిన వార్డు మెంబర్‌ని. రికార్డు ప్రకారం ఊళ్లో 312 ఎకరాల ప్రభుత్వ భూమి ఉంది. గుట్ట 140, బంచరాయి 90, కుంట శిఖం 35, మిగతా 47 చిల్లర నంబర్లు. సోలార్ ప్లాంటుకు 120 ఎకరాలు కావాలని ఒక వర్గం, ఇళ్ల స్థలాలు కావాలని ఇంకో వర్గం, మొక్కలు పెడదామని మరికొందరు. ఖాళీ భూమి ఎంత, అది దేనికి పనికొస్తుంది అని రాసి నెలలోపు తీర్మానం పంపమన్నారు. ఊళ్లో దాదాపు 1,800 గొర్రెలున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?"

తమ్ముడూ, ముందు మీ ప్రశ్నలోంచి 'ఖాళీ' అనే మాట తీసేయండి. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఇరవై రెండేళ్లు వాటర్‌షెడ్ పనులు, అంటే వాన నీళ్లను, మట్టిని ఎక్కడికక్కడ ఆపే పనులు చేశాను. అన్నేళ్లలో ఎవరికీ అక్కరలేని సర్కారు భూమి ఒక్క ఎకరం కూడా నాకు దొరకలేదు. ఏదో ఒక నెలలో ఎవరో ఒకరు దాని మీద బతుకుతూనే ఉంటారు. మనం వెళ్లిన రోజు వాళ్లు అక్కడ ఉండరు, అంతే.

ఇది నేను తెలివితో నేర్చుకున్నది కాదు, తప్పు చేసి నేర్చుకున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మే నెలలో ఒక ఊరి గుట్ట చూడ్డానికి పోయాను. బండలు, ఎండిన తంగేడు, ఆకు లేని మోదుగలు. కాగితం మీద 'నిరుపయోగమైన బీడు, 60 ఎకరాలు' అని రాసి సంతకం పెట్టాను. ఆ మాటను పట్టుకుని పైవాళ్లు మొక్కల పని మంజూరు చేశారు. గుంతలు తీసే ముందు పొదలన్నీ కొట్టించారు. అక్టోబరులో మళ్లీ పోతే తండా ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టారు. మేం పొదలని కొట్టించినవి సీతాఫలం చెట్లు. ప్రతి ఏడూ దసరా, దీపావళి మధ్యలో గంపలకెత్తి బస్టాండ్లో అమ్ముకుని పిల్లల బట్టలు, పుస్తకాలు వెళ్లదీసుకునేవాళ్లు. బాలానగర్ సీతాఫలం అని దేశమంతా పేరున్న పండు పుట్టిన జిల్లాలో కూర్చుని, ఆకు రాలిన సీతాఫలాన్ని గుర్తుపట్టలేకపోయాను. పెట్టిన మొక్కల్లో సగం ఆ ఎండాకాలమే పోయాయి. సీతాఫలం మళ్లీ చిగురేసింది గానీ కాపు రావడానికి ఏళ్లు పట్టింది.

అందుకే నేను చెప్పే పద్ధతిలో 'ఈ భూమి దేనికి పనికొస్తుంది' అన్నది చివరి ప్రశ్న. 'ఇప్పుడు దీన్ని ఎవరు, ఏ నెలలో, దేనికి వాడుతున్నారు' అన్నది మొదటిది. ఈ రెండిటి మధ్యలో కాగితం, నీళ్లు, గడ్డి, మట్టి ఉంటాయి.

కాగితంతో మొదలుపెడదాం, ఎందుకంటే దానికే ఎక్కువ రోజులు పడుతుంది. ఇప్పటి ఆన్‌లైన్ రికార్డు ఒక్కటే చూసి ఆగకండి. 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ మారినా అందులోకి ఎక్కిన తప్పులు వాటంతటవి పోవు. ప్రతి సర్వే నంబరుకీ మూడు పాత కాగితాలు కావాలి. సేత్వార్ (మొదటి సర్వే నాటి నంబర్ల, విస్తీర్ణాల రిజిస్టర్), 1954–55 నాటి ఖాస్రా పహాణీ (ఎవరి కబ్జాలో ఉంది, ఎవరు సాగు చేశారు అన్న రికార్డు), గ్రామ నక్షా (ఊరి పటం). సేత్వార్, నక్షా, టీపన్ల (సర్వే కొలతల చిత్తుల) నకళ్లకు జిల్లా సర్వే, ల్యాండ్ రికార్డ్స్ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. పహాణీలు తహసీల్దార్ ఆఫీసులో అడగండి. ఇవ్వకుండా తిప్పుతుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. అది ముప్పై రోజుల వ్యవహారం కాబట్టి దాన్ని రేపే పెట్టేయడం మంచిది. పాత కాగితాల్లో తేదీలు ఫస్లీలో (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరాల్లో) ఉంటే కంగారు పడొద్దు, 590 కలపండి. 1317 ఫస్లీ భూమి శిస్తు చట్టం అంటే 1907 నాటిదన్నమాట.

ఆ కాగితాల్లో చూడాల్సింది విస్తీర్ణం కన్నా ఎక్కువగా భూమి జాతి. మీరు 'ప్రభుత్వ భూమి' అని ఒక్క మాటలో చెప్పిన దాంట్లో కనీసం అయిదారు రకాలుంటాయి. బంచరాయి అంటే పశువుల మేతకు విడిచిపెట్టింది. శిఖం అంటే చెరువు నిండితే మునిగేది. పట్టాదారు వదులుకున్నదో, శిస్తు కట్టక సర్కారుకు పోయిందో ఖారిజ్ ఖాతా. లావణి పట్టా కింద పేదలకు ఇచ్చింది అసైన్డ్ భూమి. దాన్ని అమ్మడం, కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు గానీ, సాగు చేసుకునే హక్కు ఆ కుటుంబానిదే. దాన్ని 'ఖాళీ' లెక్కలో కలిపితే పేదవాడి నోటి దగ్గర కూడు లాగినట్టే. మనవైపు ఇంకో రకం కూడా ఉంది, భూదాన్. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా ముందు నిలబడి వంద ఎకరాలు ఇస్తాననడంతో మొదలైన ఉద్యమం పాత నల్లగొండ అంతటా భూములు ఇప్పించింది. ఆ నంబర్లు చాలా ఊళ్లలో ఇప్పటికీ ఎటూ తేలకుండా ఉన్నాయి. మీ 47 ఎకరాల చిల్లర నంబర్లలో ఒకటి అలాంటిది కావచ్చు, చూసుకోండి.

గుట్ట మీద అటవీ శాఖ రాళ్లు ఉన్నాయేమో కూడా చూడాలి. ఒకే నంబరును రెవెన్యూ వాళ్లు తమదని, ఫారెస్టు వాళ్లు తమదని రాసుకున్న ఊళ్లు దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా కనిపిస్తాయి. అది అడవి అయితే ఇతర పనులకు మళ్లించడానికి 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. అడవి అని కాగితంలో రాసి ఉంటే చాలు, చెట్లున్నాయా లేవా అన్నది తర్వాతి మాట. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఆ సంగతి తేల్చేసింది. ఇంకోవైపు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. దాని కింద పోడు పట్టాలు మాత్రమే వస్తాయనుకుంటారు చాలామంది. మేతకు, సీజన్‌కు మందలతో వచ్చిపోయే కాపరులకు కూడా సామూహిక హక్కులు అందులో ఉన్నాయి. ఇన్నేళ్లుగా మా వైపు ఆ భాగాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

కాగితం తర్వాత మోకా, అంటే భూమి మీదికే పోయి చూడటం. ఇక్కడ నేనొక్క నియమం పెట్టుకున్నాను. కారులోంచి దిగకుండా ఏ హద్దూ రాసుకోను. నక్షా నకలు చేత్తో పట్టుకుని, ఊళ్లో రెవెన్యూ పనులకు తిరిగిన పాత మస్కూరిని గానీ, చెరువు నీళ్లు వదిలే నీరటిని గానీ వెంటబెట్టుకుని, పొద్దున ఆరింటికి బయల్దేరండి. 312 ఎకరాలు తిరగడానికి మూడు రోజులు పడుతుంది. మొబైల్లో జీపీఎస్ ఆప్‌తో నడుస్తూ పోతే గీత అదే గీసుకుంటుంది. దాన్ని సర్వేగా చూపించకండి, అయిదారు మీటర్లు అటూ ఇటూ పోతుంది. హద్దు తగాదా ఉన్నచోట మండల సర్వేయర్ రావాల్సిందే. కానీ 90 ఎకరాల బంచరాయిలో మోకా మీద 62 మిగిలిందా, 80 మిగిలిందా అన్నది ఆ నడకలోనే తెలిసిపోతుంది. మిగతాది ఎవరి చేనులో కలిసిందో కూడా తెలుస్తుంది. ఆ పేర్లు మాత్రం వెంటనే మైకులో చదవకండి. అయిదు గుంటలు కలుపుకున్న పేదవాడు, అయిదు ఎకరాలు కలుపుకున్న పెద్దమనిషి ఒకే జాబితాలో ఉంటారు. చదవగానే పెద్దాయన ఆ పేదవాణ్ణే ముందు నిలబెడతాడు. నేను చూసిన నాలుగైదు ఊళ్లలో అదే జరిగింది.

పంచాయతీ ఉమ్మడి భూముల ఆక్రమణల మీద 2011 జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టి తీర్పిచ్చింది. అలాంటి ఆక్రమణలను తొలగించి భూమిని గ్రామానికి అప్పగించేలా పథకాలు తయారుచేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఏళ్ల తరబడి కబ్జాలో ఉన్నాం, ఖర్చు పెట్టి కట్టుకున్నాం అన్నంత మాత్రాన అది సక్రమం అయిపోదంది. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన వాటిని, బడి, దవాఖానా లాంటి ప్రజోపయోగాలను మినహాయించింది. ఈ తేడాను మీ తీర్మానంలో కూడా పాటించండి.

శాటిలైట్ బొమ్మల గురించి ఒక మాట. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) తయారుచేసిన భూ వినియోగ మ్యాపులు భువన్ పోర్టల్లో ఉచితంగా చూడొచ్చు. వాటిని చూపించి 'మీ ఊరంతా వేస్ట్‌ల్యాండ్' అని ఎవరైనా అంటే స్కేలు అడగండి. 1:50,000 స్కేలులో మ్యాపు మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. మూడు మిల్లీమీటర్ల చదరం కన్నా చిన్నది మ్యాపులో వేరుగా చూపడం కష్టం, ఆ చదరమే అయిదున్నర ఎకరాలు. మీ ఊరి రెండెకరాల బొందలగడ్డ (శ్మశానం), ఎకరం ఈతవనం, గొర్రెల బాట అందులో కనిపించే ప్రసక్తే లేదు. ఆ మ్యాపు జిల్లాకు పనికొస్తుంది, మీ తీర్మానానికి పనికిరాదు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల బొమ్మలు వెనక్కి జరిపి చూసే సౌకర్యం మాత్రం మంచి ఆయుధం. మే బొమ్మ, నవంబరు బొమ్మ పక్కపక్కన పెట్టి చూడండి. నేను మేలో ఒక్కసారే చూసి చెడిపోయినవాణ్ణి.

ఇక వాడకం లెక్క. దీనికి గ్రామసభ పెట్టి అడిగితే పది మంది మగవాళ్లు మాట్లాడతారు, పది మందీ ఒకే మాట చెబుతారు. ఉపాధి హామీ పని జరిగే చోటికి పొద్దున పది గంటలకు పోండి. అక్కడ ఆడవాళ్లు ఉంటారు, కూలి మాటల మధ్యలో అన్నీ చెబుతారు. వంటచెరుకు ఎక్కణ్ణుంచి తెస్తున్నారు, గ్యాసు వచ్చాక ఎంత తగ్గింది, మోదుగాకు ఎవరు కోస్తారు, చీపురు గడ్డి ఎవరు అమ్ముకుంటారు అని అడగండి. బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ కోస్తారని కూడా అడగండి. నవ్వుతారు గానీ వేళ్లు మాత్రం సరిగ్గా మీ బంచరాయి వైపే చూపిస్తారు. తర్వాత గొల్లకురుమలను వేరుగా, గౌడ సొసైటీని వేరుగా, దళితవాడ పెద్దలను వేరుగా కలవండి. బొందలగడ్డ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడండి. చాలా ఊళ్లలో దళితుల బొందలగడ్డకు సర్వే నంబరు ఉండదు, బంచరాయి మూలకో వాగు ఒడ్డుకో ఉంటుంది. కాగితంలో లేదు కాబట్టి ప్లాన్‌లో కూడా ఉండదు. ఆ తర్వాత ఒకరోజు శవాన్ని మోసుకుపోతే కంచె అడ్డం వస్తుంది.

విన్నదంతా పన్నెండు నెలల గళ్లు గీసిన పెద్ద కాగితం మీద రాయండి. చైత్రం, వైశాఖం అని రాసినా సరే, వాళ్లకు ఏది తెలిస్తే అది. ఏ నెలలో ఏ మూలను ఎవరు వాడుతున్నారో పేరు కాదు, గుంపు రాయండి. ఊరి బయట నుంచి ఏటా వచ్చే మందలు, గంగిరెద్దులవాళ్లు, చిన్న చిన్న సంచారులు కూడా అందులో ఉండాలి. వాళ్లకు ఓటు మీ ఊళ్లో లేదు కాబట్టి ఎవరూ గుర్తు చేయరు. 2002 జీవవైవిధ్య చట్టం కింద మీ పంచాయతీకి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఉంటే తెప్పించి చూడండి. ఎక్కువచోట్ల అది పక్క ఊరి రిజిస్టరుకు జిరాక్సులా ఉంటుంది, కానీ మీ అదృష్టం.

గడ్డి లెక్కను కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ చేయరు. మీరు గొర్రెల సంఖ్య చెప్పారు కాబట్టి చేయొచ్చు. నాలుగు కర్రలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టండి. బంచరాయిలో పది చోట్ల, గుట్ట మీద పది చోట్ల, మంచి చోటా చెడ్డ చోటా కలిపి, కళ్లు మూసుకుని విసిరినట్టు వేయండి. లోపలి గడ్డి నేలబారున కోసి, ఎండబెట్టి, కిరాణా షాపు కాటాలో తూచండి. చదరపు మీటరుకు సగటున 100 గ్రాములు వస్తే ఎకరానికి 400 కిలోల ఎండు గడ్డి అని అర్థం. మన ఎర్ర చెలక గుట్టల్లో అంత వస్తే సంతోషించాలి. అందులో సగమే మేపాలి, మిగతా సగం నేలకు, విత్తనానికి వదలాలి. అంటే ఎకరానికి 200 కిలోలు. గుట్ట, బంచరాయి కలిపి 230 ఎకరాలకు 46,000 కిలోలు. గొర్రెకు రోజుకు ఒక కిలో ఎండు మేత అనుకుంటే 1,800 గొర్రెలకు పాతిక రోజులు.

'పాతిక రోజులేనా, అయితే ఈ భూమి గొర్రెలకు పెద్ద ఆధారం కాదు' అని సోలార్ వర్గం వాళ్లు ఇక్కడ ఎగిరి గంతేస్తారు. ఆగమనండి. ఎండాకాలంలో గొర్రెలు కోసిన చేలల్లో తిరుగుతాయి. రైతులే పిలిచి పొలంలో మంద పెట్టించుకుంటారు, ఎరువు కోసం. జులై నుంచి నవంబరు దాకా పత్తి, కంది, వరి నిలబడి ఉన్నప్పుడు మందకు కాలు పెట్టే చోటు ఈ 230 ఎకరాలే. తిన్న గడ్డి వానలకు మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఒక్క కోతలో వచ్చిన పాతిక రోజుల లెక్క నిజంలో ఇంకొంచెం సాగుతుంది. ఉమ్మడి భూమి విలువ ఎంత మేత ఇచ్చిందన్న దాంట్లో కన్నా, ఇంకెక్కడా మేత లేని రోజుల్లో ఇచ్చిందన్న దాంట్లో ఉంది. 120 ఎకరాలకు కంచె వేస్తే 110 మిగులుతుంది, అదే లెక్కన పన్నెండు రోజులు. అప్పుడు ఆ మందలు చేలల్లో పడతాయి, తగాదాలు పంచాయతీకి వస్తాయి, మీ దగ్గరికే వస్తాయి. 2017లో ఇంటికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సర్కారు యూనిట్లు పంచింది. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను పోను. యూనిట్లు లెక్కపెట్టారు గానీ ఏ ఊళ్లో ఎంత గడ్డి ఉందో లెక్కపెట్టిన కాగితం ఒక్కటి కూడా నా కంటబడలేదు.

నీళ్ల లెక్క ఇంకా తేలిక. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే 40,000 లీటర్లు. మన పక్క ఏడాదికి సగటున 60 సెంటీమీటర్లు అనుకుందాం. 140 ఎకరాల గుట్ట మీద పడేది 33 కోట్ల లీటర్ల పైమాట. అందులో పదో వంతు పారి కిందికి వస్తే మూడున్నర కోట్ల లీటర్లకు కాస్త తక్కువ. మీ కుంట 35 ఎకరాల్లో సగటున మీటరు లోతు నిండితే పట్టేది 14 కోట్ల లీటర్లు. అంటే కుంటలో నాలుగో వంతు నీళ్లు ఒక్క ఆ గుట్ట నుంచే రావాలి. గుట్ట మీద ఏం చేసినా కుంట మీద చేసినట్టే. చదును చేసి, పొద కొట్టేస్తే నీళ్లు వేగంగా వస్తాయి గానీ మట్టిని తీసుకుని వస్తాయి. మిషన్ కాకతీయలో తీసిన పూడిక రెండు మూడు వానాకాలాల్లో మళ్లీ నిండుతుంది. గుట్ట చుట్టూ పెద్ద కందకం తవ్వి కంచె వేస్తే, వరద కాలువ తెగి కుంటకు చుక్క రాదు. ఈ రెండూ చూశాను. వరద కాలువ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో నక్షాలో ఉండకపోవచ్చు. నీరటికి తెలుస్తుంది, అతను కూడా లేకపోతే మొదటి పెద్ద వాన రోజు గొడుగు పట్టుకుని మీరే నడవాలి.

శిఖంలో ఇళ్ల స్థలాల మాట ఎవరైనా ఎత్తితే మొదటి రోజే ఆపేయండి. నాకు తెలిసిన ఒక ఊళ్లో తొమ్మిదేళ్లు ఎండిన కుంటలో ప్లాట్లు కొట్టారు. పదో ఏడు కుంట నిండి మత్తడి (అలుగు) దుంకింది. పొయ్యిలోకి నీళ్లు వచ్చిన ఇళ్లవాళ్లు రాత్రికి రాత్రి కట్టకు గండి కొట్టారు. కింద ఆయకట్టు మునిగింది, ఆ ఏడు రెండో పంటకు నీళ్లు లేవు. భవన నిర్మాణ నిబంధనల్లో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల బఫర్ ఉంది. మీ కుంట 14 హెక్టార్లు. ఎఫ్‌టీఎల్ అంటే మత్తడి ఎత్తులో నీళ్లు నిలబడే గీత, ఇవాళ నీళ్లున్న గీత కాదు. ఒక పారదర్శక ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, ఒక కొస మత్తడి దగ్గర పెట్టి రెండో కొసతో చుట్టూ తిరిగితే సాయంత్రానికి ఆ గీత మీకే తెలుస్తుంది. తాపీ మేస్త్రీలు లెవెల్ చూసే పద్ధతే.

మట్టికి ఎక్కువ హడావిడి అక్కరలేదు. ఎనిమిది పది చోట్ల మోకాలి లోతు గుంత తవ్వి చూడండి. జానెడు మట్టి కింద మొరం తగిలితే అక్కడ పండ్ల తోట అన్నవాడి మాట నమ్మొద్దు. గుట్ట వాలు ఎక్కువున్న చోట గడ్డి, పొద తప్ప ఏదీ నిలవదు. భూసార నిపుణులు భూమిని ఎనిమిది తరగతులు చేస్తే మొదటి నాలుగే సాగుకు. మిగతా నాలుగు మేతకు, అడవికి, వన్యప్రాణికి. మీ గుట్ట దాదాపుగా ఆ రెండో సగంలోదే అయి ఉంటుంది. రెండో సగంలో పడినంత మాత్రాన అది పనికిరానిది కాదు. నారాయణపేట వైపు కృష్ణజింకలు బతికేది ఇలాంటి గడ్డి నేలల్లోనే. చెట్లు లేవని ప్రతి గడ్డి భూమిలో మొక్కలు పెట్టడం కూడా నాకు నచ్చదు, హరితం పేరుతో చేసినా సరే. గుట్ట మీద నిలువురాళ్లో, రాకాసి గుళ్లో (పాతకాలపు రాతి సమాధులు) ఉంటే మాత్రం ఫోటోలు తీసి విడిగా రాయండి. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. ఒకప్పుడు వాటి మధ్యలోనే చేలు దున్నారు.

మేతకు తొట్టి కట్టి బోరు వేద్దామనే ఆలోచన వస్తే, ముందు చుట్టుపక్కల బోర్ల నీళ్లు ఫ్లోరైడ్‌కు పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ బాధ పడ్డ మర్రిగూడ, చండూరు, మునుగోడు పక్కనున్న మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ మూడు వర్గాల సంగతి. సోలార్‌కు ఒక మెగావాట్‌కు నాలుగెకరాల చొప్పున చూస్తే 120 ఎకరాలకు 30 మెగావాట్లు. ఒప్పందం పాతికేళ్లు ఉంటుంది, అంటే ఇప్పుడు అయిదో తరగతి చదివే పిల్లవాడు మీ వయసు దాటేదాకా ఆ కంచె ఉంటుంది. నేను దానికి వ్యతిరేకిని కాదు. కానీ పూర్తిగా బంచరాయిలో, ఒకే ముక్కగా 120 ఎకరాలు అంటే ఒప్పుకోను. మట్టి లేని, మేత రాని, వరద కాలువకు అడ్డు కాని ముక్క గుట్ట పక్కన ఎంత తేలితే అంతే చూపించండి, అది 40 ఎకరాలే కావచ్చు. గొర్రెల బాట మధ్యలోంచి వదలాలి, ప్యానెళ్ల కింద గడ్డిని మందలకు మేపనివ్వాలి, ప్యానెళ్లు కడిగే నీళ్లు కుంటలోంచి తీయకూడదు. ఇవన్నీ షరతులుగా రాయండి. ఇళ్ల స్థలాలకు ఊరికి ఆనుకున్న చిల్లర నంబర్లు చూడండి, నిజంగా ఇల్లు లేని కుటుంబాలెన్నో ముందు లెక్కపెట్టి. మొక్కల వాళ్లకు కుంట కట్ట వెనక, వరద కాలువ ఒడ్డు ఇవ్వండి. కానుగ, వేప, ఈత పెట్టుకోమనండి. గుట్ట మీద ఉన్న సీతాఫలాన్ని, మోదుగను కొట్టకుండా కాపాడితే అదే పెద్ద ప్లాంటేషన్.

నెల గడువు అన్నారు. తొందరపడి మొత్తం 312 ఎకరాలకు తీర్మానం చేయొద్దు. వెనక్కి తీసుకోగలిగినవి ముందు చేయండి, తీసుకోలేనివి ఆఖరికి. హద్దుల సర్వే, ఎఫ్‌టీఎల్ గుర్తింపు, బొందలగడ్డ నమోదు, బాటల గుర్తింపు ఇప్పుడే కోరండి. కంచె, కాంక్రీటు పడే నిర్ణయాలకు ఒక వానాకాలం చూశాక వివరాలు పంపుతామని, ఎందుకో కారణంతో సహా రాయండి. భూమి సర్కారుది, ఆఖరి నిర్ణయం వాళ్లది. మీ తీర్మానంతో అది మీది అయిపోదు. కానీ పన్నెండు నెలల గళ్ల కాగితం, గడ్డి తూకం, నీళ్ల లెక్క తీర్మానానికి జతచేసి ఉంటే ఏ ఫైలులోనూ 'ఖాళీ భూమి' అని రాయడం అంత తేలిక కాదు. వాటిని మూడు కాపీలు తీసి ఒకటి తహసీల్దార్‌కు, ఒకటి ఎంపీడీవోకు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. మూడోది పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి.

ఎండిన గడ్డి మీ దగ్గర ఇప్పుడే కోతకు ఉంటుంది, ఫిబ్రవరి దాటితే నిప్పు పడుతుంది. కాబట్టి ఈ ఆదివారమే చట్రం కట్టి ఇరవై చోట్ల తూచి, ఆ ఇరవై అంకెలు ఇక్కడే కింద రాయండి. మంచి చోటు, చెడ్డ చోటు గుర్తు పెట్టి రాస్తే మిగతా లెక్క నేను చూస్తాను.